పన్ను గీయకుండా పలువరుస

నోరారా నవ్వే మనిషి ముప్ఫైరెండు పళ్ళూ బయటపెట్టాడని అంటారు. నిజానికి అంత నవ్వులోనూ కనిపించేవి పైవరుసలో ఎనిమిదో పదో. వాటిలో పూర్తి వెడల్పుతో ఎదురుగా నిలిచేవి నడిమి రెండే. మిగిలినవి పక్కకు తిరిగి, పెదవి నీడలోకి జారి, నోటి మూలల చీకట్లో కలిసిపోతాయి. పళ్ళు కనిపించే నవ్వును పెన్సిలుతో గీయబోయి చెడగొట్టుకునేవారిలో చాలామంది కంటికి కనిపించిన ఆ ఎనిమిదింటినీ వదిలేసి, మనసుకు తెలిసిన ముప్ఫైరెండింటినీ గీయడానికి పూనుకుంటారు.

ఆమదాలవలసలో ఒక డిగ్రీ కుర్రాడు సెలవుల్లో అమ్మ బొమ్మ గీశాడనుకుంటే, కథ సాధారణంగా ఇలా నడుస్తుంది. కళ్ళు కుదిరాయి, ముక్కు కుదిరింది, జడలో కనకాంబరాలు కూడా కుదిరాయి. నవ్వు దగ్గరకు వచ్చేసరికి ఒక్కో పన్నుకూ చుట్టూ గీత పెట్టి, పన్నుకూ పన్నుకూ మధ్య మొన నొక్కి నల్లగా విడదీశాడు. తల్లి బొమ్మ చూసి, “ఇదేట్రా? నాను నవ్వుతున్నానా, కరవొస్తున్నానా?” అంది. ఆమె ఎప్పుడూ పెన్సిలు పట్టకపోయినా తప్పు ఇట్టే పట్టేసింది. నవ్వును ఇకిలింపుగా మార్చింది ఆ నాలుగైదు నల్లగీతలే.

ఆ గీతలు నిజం ముఖంలో ఎందుకు కనిపించవు? పక్కపక్క పళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి. సందులో చీకటి నిలిచేంత చోటు ఉండదు. రెండు పళ్ళు కలిసేచోట పడేది పలచని నీడ. అది కూడా చిగురు దగ్గర, కింది అంచు దగ్గర కాస్త చిక్కబడి, మధ్యలో దాదాపు మాయమవుతుంది. ఈ పని మొత్తానికి సూత్రం ఇక్కడే ఉంది: పన్నును గీయకూడదు. దాని చుట్టూ ఉన్న చిగురును, పెదవిని, నీడను, చీకటిని గీయాలి. అవి సరిగా పడితే మధ్యలో మిగిలిన కాగితమే పన్ను అవుతుంది.

నమూనా ఎక్కడ దొరుకుతుంది?

బొమ్మ చూసి బొమ్మ నేర్చుకోవడం మంచి పద్ధతే. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య తొలి పాఠాలు డ్రాయింగు మాస్టరైన తండ్రి దగ్గర నేర్చాడు. చిన్నతనంలోనే రవివర్మ చిత్రం చూసి గీశాడు. ‘చందమామ’ పాఠకులకు ‘వపా’ సంతకంతో తెలిసిన చిత్రకారుడు ఆయనే. కానీ పళ్ళు కనిపించే నవ్వుకు ఈ దారి అంతగా కలిసిరాదు. క్యాలెండరు దేవతలు పెదవులు కలిపే నవ్వుతారు. పాత బొమ్మల్లో నోరు తెరిచి పళ్ళు చూపించేది ఎక్కువగా రాక్షసులు. ఫ్రాన్సులోనూ అదే తీరు. 1787లో ఎలిజబెత్ విజే లెబ్రన్ అనే చిత్రకారిణి తన పళ్ళు కొద్దిగా కనిపించేలా వేసుకున్న స్వీయచిత్రాన్ని చూసి పారిస్ పెద్దలు మర్యాద తప్పిందని ముఖం చిట్లించారు. అందువల్ల ఈ నవ్వుకు నమూనా బతికున్న ముఖం, లేదా దాని ఫొటో. ఫొటో తీసేటప్పుడు నాలుగు జాగ్రత్తలు చాలు.

1. ఫోను ముఖానికి దగ్గరగా పెట్టకూడదు. దగ్గర నుంచి తీస్తే ముక్కు, ముందుపళ్ళు లేనంత పెద్దవిగా పడతాయి. ఐదారు అడుగుల దూరం నుంచి జూమ్ చేసి తీయాలి.

2. వెలుగు ఒక పక్క నుంచి రావాలి. పెంకుటింటి వసారాలో పొద్దుటి వెలుగు దీనికి బాగా పనికొస్తుంది. ఫ్లాష్ వేస్తే నీడలన్నీ తుడుచుకుపోయి పళ్ళు సున్నం పూసిన పట్టీలా కనిపిస్తాయి.

3. “నవ్వు” అని చెప్పి నవ్వించిన నవ్వు పనికిరాదు. మాటల్లో పెట్టి, నవ్వు దానంతటది వచ్చినప్పుడు తీయాలి.

4. ఫొటోను నలుపు-తెలుపులోకి మార్చి, నోరు కనీసం రెండంగుళాల వెడల్పు ఉండేలా ప్రింటు తీయించాలి. ఇంతకన్నా చిన్న నోటిలో నీడల తేడాలు పెన్సిలు మొనకు అందవు.

ఫొటోతో పాటు కంటికీ సాధన కావాలి. శ్రీకాకుళం రోడ్డు రైల్వే స్టేషను ఉన్నది ఆమదాలవలసలోనే. బండి కోసం ఎదురుచూసే జనంలో కబుర్లకూ నవ్వులకూ కొదవుండదు. చిన్న పుస్తకంలో నవ్వే నోళ్ళ ఆకారాలు మాత్రం, పళ్ళు లేకుండా, నవ్వు దొరికినప్పుడల్లా ఒక్కోటి పది సెకన్లలో గీసుకుంటూ పోతే అరగంటలో ముప్ఫై నోళ్ళు పోగవుతాయి. ఏ రెండూ ఒకలా ఉండవు.

కావలసిన సరంజామా

పెద్ద ఖర్చేమీ లేదు. 2హెచ్, హెచ్‌బీ, 2బీ, 4బీ పెన్సిళ్ళు, ఒక డ్రాయింగు షీటు, ఒక రబ్బరు, ఒక బ్లేడు చాలు. హెచ్ అంకె పెరిగేకొద్దీ మొన గట్టిగా, గీత లేతగా ఉంటుంది. బీ అంకె పెరిగేకొద్దీ మొన మెత్తగా, గీత నల్లగా ఉంటుంది. గ్రాఫైటు పొడిలో బంకమట్టి పాళ్ళు మార్చి ఈ తేడా తెస్తారు. 1795లో ఫ్రాన్సులో నికొలా కోంటే పేటెంటు తీసుకున్న పద్ధతే నేటికీ దీనికి ఆధారం. పళ్ళ మీద నీడకు 2హెచ్, చిగుళ్ళకూ పెదవులకూ హెచ్‌బీ, 2బీ, నోటి మూలల చీకటికి 4బీ సరిపోతాయి. మామూలు రబ్బరును బ్లేడుతో ఏటవాలుగా కోస్తే పదునైన అంచు వస్తుంది. చివర్లో పంటి మీది తడి మెరుపు తెచ్చేది ఆ అంచే. చెయ్యి ఆనించే చోట తెల్లకాగితం ముక్క వేసుకుంటే అరచెయ్యి గీతల మీద రుద్దుకోదు.

పళ్ళు తెల్లగా ఉంటాయా?

ఈ ప్రశ్నకు కంటితో జవాబు వెతకడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. తెల్లకాగితం ముక్కకు పిన్నుతో చిల్లు పెట్టి, నలుపు-తెలుపు ఫొటోలో పంటి మీద ఆ చిల్లు వచ్చేలా ఆనించి చూడాలి. చుట్టూ ఉన్న కాగితం తెల్లగా, చిల్లులో కనిపించే పన్ను బూడిదరంగుగా ఉంటుంది. అదే చిల్లును కోరపంటి మీదకు జరిపితే బూడిద ఇంకాస్త చిక్కబడుతుంది. దవడపంటి మీదకు వెళ్తే చిక్కదనం బుగ్గ నీడకు దగ్గరవుతుంది. పళ్ళను ముత్యాలతో, మల్లెమొగ్గలతో పోల్చి పోల్చి, అవి తెల్లనివని మనసు తీర్మానించుకుంది. చిల్లు కాగితం ఆ తీర్మానాన్ని కాసేపు పక్కన పెట్టిస్తుంది. బొమ్మ మొత్తంలో అచ్చమైన తెలుపు, నడిమి పళ్ళ మీద తడి మెరిసే రెండు మూడు చుక్కలకే దక్కాలి.

గీసే క్రమం

1. *ముందు నోటి తెరపి.* పళ్ళ సంగతి మరచిపోయి, పై పెదవి కింది అంచు, కింది పెదవి పై అంచు కలిసి చేసే ఖాళీని ఒకే ఆకారంగా గీయాలి. నిండునవ్వులో అది అడుగు వంపు తిరిగిన నాటుపడవలా ఉంటుంది. పై అంచు దాదాపు తిన్నగా సాగుతుంది, కింది అంచు బాగా వంగుతుంది. రెండు మూలలూ ఒకే ఎత్తులో ఉండాలన్న నియమం లేదు. చాలామంది నవ్వు ఒక పక్కకు కాస్త ఎక్కువ లేస్తుంది. ఆ వంకర దిద్దితే పోలిక పోతుంది.

2. *నడిమి గీత.* పై నడిమి పళ్ళు రెండూ కలిసేచోట లేతగా ఒక నిలువు గుర్తు పెట్టాలి. తల తిరిగి ఉంటే ఆ గుర్తు నోటి మధ్యన ఉండదు, తల తిరిగిన వైపుకు జరుగుతుంది. ఇది తప్పితే ఆ తర్వాత ఎంత శ్రద్ధ పెట్టినా పలువరుస ముఖానికి అతకదు.

3. *వరుసంతా ఒకే పట్టీ.* పళ్ళను విడదీయకముందు పైవరుసను ఒకే పట్టీగా, ముందుకు ఉబ్బిన గాజుముక్కలా గీయాలి. పలువరుస గోడలా చదునుగా ఉండదు, లోపల గుర్రపునాడాలా వంగి ఉంటుంది. పట్టీ పైన చిగుళ్ళ అంచు, కింద పళ్ళ అంచు.

పట్టీగా చూడడమెలాగో పొందూరు నేర్పుతుంది. ఆమదాలవలస నుంచి రైల్లో దూసి దాటితే పొందూరే. అక్కడి సన్నఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఆ దవడ ఎముక మీది పళ్ళు ఎంత సన్నగా, ఎంత దగ్గరగా ఉంటాయంటే దువ్వెన చేసే పని అవి చేస్తాయి. ఆ దవడను గీయమంటే ఒక్కో పన్నూ లెక్కపెట్టి గీయడానికి ఎవరూ పూనుకోరు. మసక పట్టీ వేసి, అంచున అక్కడక్కడా మొనలు చూపిస్తారు, చూసేవారి కన్ను మిగతాది నింపుకుంటుంది. మనిషి పళ్ళ దగ్గర అదే చెయ్యి ఎందుకు తడబడుతుంది? పళ్ళు పెద్దవి, తక్కువ కాబట్టి లెక్క మొదలవుతుంది. లెక్క మొదలైతే గీతలు మొదలవుతాయి.

4. *వెడల్పులు పంచడం.* పై నడిమి పన్ను వెడల్పు సుమారు 8.5 మిల్లీమీటర్లు, దాని పక్కది 6.5, కోరపన్ను 7.5. పాఠ్యపుస్తకాలు మొదటి రెండింటినీ కుంతకాలనీ, కోరపన్నును రదనిక అనీ అంటాయి. కొలిస్తే కోరపన్ను పక్క కుంతకం కన్నా వెడల్పే. అయినా ఎదుటి నుంచి చూస్తే అంతకన్నా సన్నగా కనిపిస్తుంది, ఎందుకంటే వరుస వంపు తిరిగేది అక్కడే. సగం పన్ను వెనక్కి తిరిగిపోతుంది. కాబట్టి నడిమి పన్ను నుంచి బయటికి పోయేకొద్దీ కనిపించే వెడల్పు తగ్గుతూ పోవాలి. అన్నీ ఒకే వెడల్పున గీస్తే పలువరుస పిట్టగోడ అవుతుంది.

5. *అంచుల్లోని చిన్న ముక్కోణాలు.* పళ్ళను విడదీసి చూపించే అసలు గుర్తులు ఇవే. కింది అంచు దగ్గర పన్నుకూ పన్నుకూ మధ్య తలకిందులైన వీ ఆకారంలో చిన్న చీకటి ముక్క ఉంటుంది. నడిమి రెండింటి మధ్య అది చాలా చిన్నది, కోరపన్ను వైపు వెళ్ళేకొద్దీ పెద్దదవుతుంది. పైన చిగురు రెండు పళ్ళ మధ్యకు మొనదేలి దిగుతుంది. ఈ రెండు రకాల ముక్కోణాలూ సరిగా వేస్తే వాటిని కలుపుతూ గీత గీయాల్సిన పనే ఉండదు. కావాలంటే 2హెచ్‌తో కాగితాన్ని తాకీ తాకనట్టు ఒక మసక చాలు.

6. *చీకటి నుంచి వెలుగుకు.* ముందుగా 4బీతో నోటి మూలల్లోని చీకటి, ఆపైన పళ్ళకూ కింది పెదవికీ మధ్య సందు వేయాలి. ఆ నలుపు పక్కన ఉంటేనే పంటి మీది బూడిద ఎంత లేతగా ఉండాలో తెలుస్తుంది. తర్వాత 2హెచ్‌తో మూలల నుంచి నడుమకు వస్తూ పళ్ళ మీద నీడ పలచబరచాలి. పై పెదవి నీడ పళ్ళ పైభాగం మీద సన్నటి మసకగా పడుతుంది. దాన్ని మరిచిపోతే పళ్ళు పెదవిని దాటి బయటికి పొడుచుకొచ్చినట్టు ఉంటాయి. కింది వరుస కనిపిస్తే దానిని పైవరుస కన్నా ఒక మెట్టు మసకగా, అంచులు తేల్చకుండా వదిలేయాలి.

7. *పెదవులు.* నవ్వినప్పుడు పెదవులు సాగి పలచబడతాయి. నిలువు ముడతలు చదునవుతాయి. పెదవి చుట్టూ గీత పెట్టకూడదు. పై పెదవి అంచు చర్మంలోకి మెల్లగా కరిగిపోవాలి, కింది పెదవి కింద పడే నీడే దాని ఆకారం చెప్పాలి.

8. *నోటి బయటి నవ్వు.* ముక్కు పక్క నుంచి పెదవి మూల వైపు దిగే మడత లోతవుతుంది. బుగ్గ పైకి లేచి ఉండకడుతుంది. కింది రెప్ప పైకి తోసుకొచ్చి కన్ను చిన్నదవుతుంది. 1862లో ఫ్రెంచి వైద్యుడు ద్యుషెన్ ముఖ కండరాల మీద రాసిన పుస్తకంలో ఈ తేడా చెప్పాడు: పెదవి మూలలను లాగే కండరం చెప్పినట్టు వింటుంది, కంటి చుట్టూ ఉన్నది మాత్రం నిజంగా సంతోషం కలిగితేనే కదులుతుంది. బొమ్మ మీద నోటిని చేత్తో మూసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. కళ్ళు నవ్వకపోతే కింద పళ్ళెంత బాగా కుదిరినా అది ఫొటో కోసం పెట్టిన ముఖమే.

9. *ఆఖరున రబ్బరు.* కోసిన అంచుతో నడిమి పళ్ళ మీద ఒకటి రెండు, కింది పెదవి మీద ఒకటి, అంతే. వెలుగు వచ్చే వైపునే ఈ మెరుపులు పడాలి.

వయసును బట్టి నవ్వు

ఆరేడేళ్ళ గుంటడి నవ్వులో ముందుపళ్ళు ఊడిన ఖాళీ కనిపిస్తుంది. అక్కడ నల్లగా నింపితే దెబ్బతగిలిన నోరులా ఉంటుంది. ఆ ఖాళీలో కనిపించేది చిగురూ నాలుకా కాబట్టి నడితరం బూడిద చాలు. కొత్తగా మొలిచిన నడిమి పళ్ళు పక్కనున్న పాలపళ్ళ కన్నా పెద్దవి. వాటి కింది అంచు చిన్న రంపంలా మూడు బొడిపెలతో ఉంటుంది. ఆ బొడిపెలు చూపిస్తే పిల్లవాడి వయసు వేరే చెప్పనక్కర్లేదు.

నడివయసు దాటాక పళ్ళ అంచులు అరిగి తిన్నగా అవుతాయి, చిగుళ్ళు పైకి పోయి పళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి. కింది అంచు ముక్కోణాలు చిన్నవవుతాయి. వక్కాకు నమిలే అలవాటున్న వారి పళ్ళ మొదళ్ళ దగ్గర, సందుల్లో గార పట్టి ఉంటుంది. అక్కడ మాత్రం సందు కాస్త చిక్కగా పడవచ్చు, ఎందుకంటే ఆ చిక్కదనం నిజంగా ఉంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్టను నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మల నవ్వుకూ ఇదే వర్తిస్తుంది. మచ్చలు తుడిచి తెల్లబరిస్తే ఆ మనిషి కాకుండా పోతుంది.

ఇక బోసినవ్వు. పళ్ళు లేకపోతే పెదవులు లోపలికి పడతాయి, గడ్డం ముక్కుకు దగ్గరవుతుంది, బుగ్గలు గుంటలవుతాయి. గాంధీ ఫొటోల్లో దీనికి కావలసినంత నమూనా ఉంది. పళ్ళ బెడద లేని ఆ నవ్వును ముందు రెండు మూడుసార్లు గీస్తే, నవ్వు ఉండేది పళ్ళలో కాదని చేతికి అర్థమవుతుంది. పళ్ళున్న నవ్వు ఆ తర్వాత తేలికవుతుంది.

వారం రోజుల సాధన

మొదటి రోజు తెలుపు నుంచి నలుపు దాకా ఐదు మెట్ల నీడపట్టీ. రెండో రోజు పళ్ళు లేని నోటి తెరపులు ఇరవై. మూడో రోజు ఒకే ఒక నడిమి పన్ను, అరచేతి అంత పెద్దది. దాని మీద నీడ మెట్లు ఎన్ని ఉన్నాయో చూడడానికి. నాలుగో రోజు ముక్కోణాలు మాత్రమే వేసి, పళ్ళు వాటంతటవే కనిపిస్తున్నాయో లేదో చూడడం. ఐదో రోజు ఫొటోను తలకిందులుగా పెట్టి మొత్తం నోరు గీయడం. తలకిందులైతే మనసు పళ్ళను పళ్ళుగా గుర్తుపట్టి లెక్కపెట్టలేదు. ఆరో రోజు బోసినవ్వు. ఏడో రోజు తెలిసిన ముఖం, నిండునవ్వు.

వారంలో కుదరకపోతే? ఇంకో వారం. గీసినవేవీ పారేయకుండా తేదీ వేసి దాచుకుంటే, మొదటి రోజు నోటికీ పద్నాలుగో రోజు నోటికీ ఉన్న తేడాయే తగిన ప్రోత్సాహం.

చెడిన బొమ్మను బాగుచేయడం

తల్లిని నవ్వించలేకపోయిన ఆ మొదటి బొమ్మను చింపనక్కర్లేదు. ముందు రబ్బరును నొక్కి, రుద్దకుండా అద్దుతూ, పళ్ళ మధ్య నల్లగీతల నడిమి భాగం తీసేయాలి. పైకొసలు, కిందికొసలు మాత్రం ఉంచాలి. మిగిలిన ఆ కొసలే ముక్కోణాలవుతాయి. తర్వాత 2హెచ్‌తో కోరపళ్ళ నుంచి బయటివైపు పళ్ళన్నింటి మీదా ఒకే పలచని మసక పరచాలి. మూలల్లో 4బీ చీకటి పెంచాలి. పై పెదవి కింద సన్నటి నీడ చేర్చాలి. పెన్సిలు పోయి కాగితం గాడిపడిన చోట నడిమి పన్ను మెరుపు పెట్టకూడదు. గాడి వెలుగులో తెలిసిపోతుంది, దాన్ని నీడలోనే దాచాలి. పావుగంట పని. ఆఖరున బొమ్మను నాలుగు అడుగుల దూరంలో నిలబెట్టి చూడాలి. పళ్ళ కన్నా ముందు నవ్వు కనిపిస్తే పని పూర్తయినట్టు. పళ్ళే ముందు కనిపిస్తుంటే మూలల్లో ఇంకాస్త చీకటి, సందుల్లో ఇంకాస్త రబ్బరు కావాలి.